తువ్వాలు మేకు

గురువారం పొద్దున్న ఎనిమిది గంటలకి సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరాను. ముందురోజు రాత్రే చీటీ రాసుకున్నాను. పది సరుకులు. తీరా కొట్టు ముందు నిలబడి జేబులో చెయ్యి పెడితే చీటీ లేదు. ఎగిరిపోకుండా కళ్ళజోడు డబ్బా కింద పెట్టాను కదా, అక్కడే భద్రంగా ఉండిపోయింది.

వెనక్కి వెళ్ళడం నామోషీ. కొట్టాయన చూస్తున్నాడు. కళ్ళు మూసుకున్నాను. చిత్రం, చీటీ చీటీలాగే కనిపించింది. పైన కందిపప్పు, దాని కింద కొట్టేసి మళ్ళీ రాసిన చింతపండు, కుడిపక్క ఓరగా ఇంగువ. ఎదురుగా పెట్టుకుని చదివినట్టు ఒకటొకటే అప్పజెప్పాను. "మాస్టారి బుర్ర ఇంకా తుప్పు పట్టలేదు" అన్నాడు కొట్టాయన. ఆ మాటకి పొంగిపోయి, దారిలో పనసకాయ కొట్టే ఆమె దగ్గర పొట్టు కూడా కట్టించుకుని ఇంటికొచ్చాను.

"ఆవాలేవండీ?" అంది మా ఆవిడ.

చీటీ తీసి చూశాను. పది సరుకులు నా రాత. పదకొండోది అట్టడుగున, నేను పడుకున్నాక చేర్చింది, మా ఆవిడ రాత.

"పనసపొట్టు తెచ్చేరు, ఆవాలు మర్చిపోయేరు. ఆవ పెట్టకుండా ఈ పొట్టుని ఏటి చేసుకోమంటారు, తలగడలో కుక్కుకోమంటారా?"

ఆవ పెట్టని పనసపొట్టు కూర ఎలా ఉంటుందో మన వైపువాళ్ళకి వేరే చెప్పాలా? ఆ మధ్యాహ్నం నేను తిన్నాను. తింటూ చాలా ఆలోచించాను. ఈ వారం కాలమ్ ఆ కంచం ముందే పుట్టింది.

వదలకుండా చదివేవాళ్ళకి నా పాత వైరాలు మూడూ తెలుసు. సెల్‌ఫోన్ అలారం, పాలిథిన్ కవరు, "ఐదు నిమిషాల్లో వచ్చేస్తున్నా" అనే మనిషి. మొన్న ఉగాదితో నాలుగోది చేరింది. ప్లానర్.

మా మేనకోడలికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పండక్కి వచ్చినప్పుడు "మావయ్యా, నువ్వు కాగితం మనిషివి కదా, నీకోసమే కొన్నాను" అని అట్టపెట్టె చేతిలో పెట్టింది. లోపల లావుపాటి పుస్తకం, నున్నటి కాగితం, మధ్యలో ఎర్ర రిబ్బను. పేజీ తిప్పితే పొద్దున్న 5 నుంచి రాత్రి 10 దాకా అరగంటకో గీత. పైన "ఈ రోజు మూడు ముఖ్యమైన పనులు". పక్కన ఎనిమిది గ్లాసుల బొమ్మలు, మంచినీళ్ళు తాగినప్పుడల్లా ఒకదానికి రంగు వెయ్యాలి. కింద ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా ఐదు మొహాలు, ఆ పూట మనది ఏదో సున్నా చుట్టాలి. అన్నిటికన్నా కింద చిన్న గడి: "నా కోసం".

రిటైరైన మాస్టారికి అరగంటల లెక్క ఎందుకో నాకు తెలియలేదు. అయినా పిల్ల ప్రేమగా ఇచ్చిందని పంతొమ్మిది రోజులు నింపాను. మొదటివారం పేజీలు చూస్తే ఎవరో కలెక్టరుగారివి అనుకుంటారు. రెండోవారంలో నిన్నటి పనులు ఇవాళ్టికి, ఇవాళ్టివి రేపటికి నకలు రాయడమే ఒక పనైపోయింది. మూడోవారం కూర్చుని గ్లాసులకి రంగులు వేశాను. "నా కోసం" గడిలో మాత్రం రోజూ "కాఫీ" అని రాసి, నాలో నేనే నవ్వుకుని, పుస్తకం మూసేసేవాణ్ణి.

ఈ ఓటమిలో నాకు పెద్దల తోడుంది. అమెరికా పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు సుగుణాల పట్టిక గీసుకుని, రోజులోని 24 గంటలకీ పద్దు వేసుకున్నవాడు. ఆ పదమూడింట్లో తనని ఎక్కువగా ఏడిపించింది "క్రమం" అనే సుగుణమేనని స్వీయచరిత్రలో ఒప్పేసుకున్నాడు. ఎక్కడి వస్తువు అక్కడ, ఎప్పటి పని అప్పుడు అన్నది ఆయనకే కొరకరాని కొయ్య అయినప్పుడు, గజపతినగరం మాస్టారిని ఎవరు తప్పు పడతారు?

పైగా మన ప్లానర్లు మనకున్నాయి. వచ్చేవారం రోహిణి కార్తె. ఇదిగో మళ్ళీ మొదలెట్టాడు అనుకుంటున్నారు కదూ, అనుకోండి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు ఒక కార్తె, ఏడాదికి 27. మెంటాడ వైపు రైతుని పట్టుకుని "జూన్ 8న నీ ప్రోగ్రాం ఏమిటి" అని అడిగితే మన మొహం చూస్తాడు. "మృగశిర వచ్చేక ఏటి చేస్తావు" అని అడిగితే దుక్కి, విత్తనం, నారుమడి, ఎరువు వరసపెట్టి చెప్తాడు. ఏ పని ఏ పదమూడు రోజుల్లో పడాలో ఆయనకి తెలుసు. అందులో ఏ రోజో వాన చెప్తుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానూ అంతే. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ఆ ఒక్క మంగళవారాన్ని పట్టుకుని గోడల సున్నాలు, కొత్తబట్టలు, చీటీపాట డబ్బులు, చుట్టాల రాకపోకలు వాటంతటవే వెనక్కి వెనక్కి సర్దుకుంటాయి. ఎవరూ నీళ్ళ గ్లాసుకి రంగు వెయ్యరు.

ఇక గురజాడ. ఈ కాలమ్‌లో ఆయన పేరు రాకపోతే నాకు ఒంట్లో బాగులేదేమోనని కంగారుపడే పాఠకులున్నారు. అప్పారావుగారు డైరీ రాసుకున్న మనిషే. ఇంగ్లీషులో ఉన్న ఆ డైరీలని అవసరాల సూర్యారావుగారు వెలుగులోకి తెచ్చి తెలుగు చేశారు. సంస్థానం కొలువు, ఉత్తరాలు, చదువు, అంతంతమాత్రం ఆరోగ్యం, వీటి మధ్యే ఆయన రాత సాగింది. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. ఇంకొకరైతే అక్కడితో చేతులు దులుపుకునేవారు. ఆయన మళ్ళీ చేతిలోకి తీసుకుని, కొత్త నాటకమే అన్నంతగా తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మధ్యలో 12 ఏళ్ళు. ఈ పనిని ఏ పేజీలో ఏ అరగంట గీత మీద రాయాలి? విజయనగరంలో ఆయనతో చదువుకున్న గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం చేస్తూ, సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా నేర్చుకున్నారు. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. మొదటి సవర మాట రాసుకున్ననాడు అది ఆ రోజు "మూడు ముఖ్యమైన పనుల్లో" చేరేదా?

ఇక్కడిదాకా వచ్చాక ముగింపు మీరే చెప్పేయగలరు. ప్లానర్ అటకెక్కించండి, పంచాంగం దించండి, రోజుకింత చెయ్యండి. నేనూ ఆ ముగింపుకే బయల్దేరాను. దారిలో మా నాన్న ఎదురయ్యారు.

నాన్న రైల్వేలో పాయింట్స్‌మన్. ఈ రాయపూర్ లైన్లోనే ఒక చిన్న స్టేషను. బెంగాల్ నాగపూర్ రైల్వేవాళ్ళు విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909లో వేసి, బొబ్బిలి నుంచి సాలూరుకి 1913లో కొమ్మ తీసి, 1931 నాటికి రాయపూర్‌కి కలిపిన లైను. నా చిన్నతనంలో సింగిల్ లైను. వెళ్ళే బండీ, వచ్చే బండీ ఒకే పట్టాల మీద. గుద్దుకోకుండా చూడ్డానికి ఒక ఏర్పాటు ఉండేది. టోకెన్.

స్టేషన్ మాస్టారి గదిలో రెండు ఇనప పెట్టెలు. అటుపక్క స్టేషనుకొకటి, ఇటుపక్క స్టేషనుకొకటి. లోపల గుప్పిట్లో ఇమిడే స్టీలు గుండ్లు, వాటిమీద స్టేషన్ల పేర్లు చెక్కి ఉండేవి. బండిని పంపాలంటే ముందు అవతలి స్టేషనుకి గంట కొట్టాలి. వాళ్ళు లైన్ క్లియర్ ఇవ్వాలి. అప్పుడు మీట తిప్పితే లోపల గడగడమని ఒక గుండు కిందకి దొర్లేది. అది డ్రైవరు చేతిలో పడితేనే బండి ముందుకి కదలాలి. ఆ గుండుని అవతలివాళ్ళు తమ పెట్టెలో వేసేదాకా ఈ పెట్టె రెండో గుండు ఇవ్వదు, ఆ పెట్టే ఇవ్వదు. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చి అరిచినా ఇవ్వదు. రెండు స్టేషన్ల మధ్య సెక్షన్‌లో ఒక బండి ఉంటే ఒక్కటే.

ఆగకుండా పోయే బండికి గుండుని తోలుసంచిలో పెట్టి, ఆ సంచి కట్టిన పెద్ద బెత్తం రింగుని పట్టుకుని నాన్న ప్లాట్‌ఫారం అంచున నిలబడేవారు. రాత్రయితే పక్కన కాగడా. ఇంజిను మీదికొస్తుంటే మేం వెనక్కి జరిగేవాళ్ళం, నాన్న జరిగేవారు కాదు. ఫైర్‌మన్ బయటికి వంగి, చెయ్యి చాపి, మోచేతికి రింగు తగిలించుకుని లాక్కుపోయేవాడు. ఆ ఊపులోనే వెనక స్టేషన్ నుంచి తెచ్చిన రింగుని విసిరేసేవాడు. ఒక్కోసారి అది తుప్పల్లో పడేది. లాంతరు పట్టుకుని నాన్న, ఆయన వెనక నేను. గుండు దొరికి పెట్టెలో పడేదాకా ఆ సెక్షన్‌లోకి ఇంకో బండి రాదు. ఒక రాత్రి అది తాటిచెట్టు మొదట్లో దొరికినప్పుడు, లోకాన్ని నేనే నడిపించినంత గొప్పగా అనిపించింది.

ఇంట్లోనూ నాన్నది అదే పద్ధతి. గుమ్మం పక్కన ఒక మేకు ఉండేది. నులకమంచం బిగించడం, సైకిలు పంక్చరు వెయ్యడం, మా లెక్కలు చూడడం, ఏ పనికి కూర్చున్నా భుజం మీది తువ్వాలు తీసి ఆ మేకుకి తగిలించేవారు. తువ్వాలు అక్కడ ఉన్నంతసేపూ ఆయనకి ఇంకో పని చెప్పకూడదు. ఎవరైనా వచ్చి పిలిస్తే అమ్మ గుమ్మంలోంచే చెప్పేది, "ఆయన సెక్షన్‌లో ఉన్నారు" అని. పని అయ్యాక తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, గ్లాసుడు మజ్జిగ తాగి, అప్పుడు రెండోది. మరి రెండో పని అప్పటిదాకా ఎక్కడుంది నాన్నా అంటే, "లూప్ లైన్లో ఆగింది" అనేవారు. లూప్‌లో ఆగిన బండి పాడైన బండి కాదురా, దాని వంతు రాలేదంతే అని ఆయన సిద్ధాంతం. ఆయన హడావుడి పడగా నేను ఒక్కనాడూ చూడలేదు.

ఈ సంగతి గుర్తొచ్చే, ఏప్రిల్ నెలాఖర్లో ప్లానర్ మూసేసి గుమ్మం పక్కన మేకు కొట్టాను. అప్పట్నుంచి నా దినచర్య ఇదీ. రాత్రి పడుకోబోయే ముందు అరచేతి మేర కాగితం మీద నాలుగైదు పనులు. పొద్దున్న రాసుకోవాలని కూర్చుంటే అప్పటికే ఫోన్లూ మనుషులూ మొదలైపోతారు, అందుకని రాత్రే. వాటిలో మొదటి బండేదో దానికి మాత్రం చుక్క. పొద్దున్న తువ్వాలు మేకుకి. అది అయితే గీత కొట్టి రెండోది. మిగిలినవాటిని మర్నాటికి నకలు రాయను, ఆ కాగితాన్నే వెనక్కి తిప్పుతాను. రెండో పక్కా నిండాక కూడా మిగిలిపోయిందంటే ఆ పని నాకు అక్కర్లేదనే లెక్క. మూడు వారాల్లో, మూడేళ్ళుగా వాయిదా పడ్డ బ్యాంకు నామినీ కాగితం పూర్తిచేశాను, అటక మీది పుస్తకాలకి చెదల మందు కొట్టించాను, సగంలో ఆగిన రెండు ఉత్తరాలు ముగించాను. ఈ వారం మీకు సలహా ఇద్దామనుకున్నది ఇదే. ఒక మేకు కొట్టుకోండి, చాలు.

గురువారం మధ్యాహ్నం ఆ చప్పటి కూర కలుపుకుంటుంటే ఒక ముద్ద దగ్గర ఆగిపోయాను. నా చేత్తో రాసిన పదీ కళ్ళకి కట్టి, ఆవిడ చేత్తో రాసిన ఒక్కటీ ఎలా జారిపోయింది? రాసినవాడికే గుర్తుంటుంది, సరే. ఆ వెనకాలే ఇంకో ప్రశ్న వచ్చింది. నాన్న తువ్వాలు మేకు మీద ఉన్నంతసేపూ అమ్మ ఏం చేస్తూండేది?

అరవయ్యారేళ్ళు వచ్చాక మొదటిసారి అడుక్కున్నాను. అమ్మ పొయ్యి దగ్గర అన్నం వారుస్తూండేది. చంకలో చెల్లి. పెరట్లో గేదె అరుస్తూంటే కేకేసి ఊరుకోబెట్టేది. క్వార్టర్స్‌లో కుళాయి వచ్చే వేళకి బిందెలు వరసలో పెట్టేది. నాన్నకి రాత్రి డ్యూటీ అయితే కేరేజీ సర్దేది. వీటన్నిటి మధ్యలో గుమ్మంలోకొచ్చి "ఆయన సెక్షన్‌లో ఉన్నారు" అని చెప్పేది. అది చెప్పడం కూడా ఆవిడ పనుల్లో ఒకటే. అమ్మకి మేకు లేదు. అటునుంచి నాలుగు బళ్ళు, ఇటునుంచి నాలుగు, గంటా లేదు, గుండూ లేదు. ఒక్కటీ గుద్దుకోలేదు.

నాన్న ఆపిన బళ్ళన్నీ లూప్ లైన్లో ఆగాయనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అవేవీ ఆగలేదు. అమ్మ నడిపింది.

చెయ్యి కడుక్కుందామని వంటింట్లోకి వెళ్ళాను. గోడకి కేలండరు. తిథులూ రాహుకాలాలూ ఉన్న మామూలు కేలండరే, మేకుకి నూలుదారంతో వేలాడే అంగుళం పెన్సిలు. రోజూ దాని ముందునుంచే మంచినీళ్ళకి వెళ్తాను. ఆ మధ్యాహ్నం కళ్ళజోడు పెట్టుకుని చదివాను. ప్రతి గడిలోనూ పాలకి నిలువుగీత, రాని రోజు సున్నా. ఒక గడిలో "గ్యాసు మార్చేను". ఇంకోదాన్లో "బి.పి. మాత్రలు 4 ఉన్నాయి". ఆ మాత్రలు నావి. మరో గడిలో మేనకోడలి పేరు, పక్కన "పుట్టినరోజు, ఫోను చేయించాలి". చేయించాలి, చెయ్యాలి కాదు. నా చేత చేయించాలి. ఆ ఫోను నాకై నేను గుర్తుంచుకుని చేశాననే నమ్మకంలో ఉన్నాను. గురువారం గడిలో "ఆవాలు".

నెలంతా వెతికాను. మందులు, ఫీజులు, బిల్లులు, పెళ్ళిళ్ళు, తద్దినం. నేను ఎగతాళి చేసిన ఆ అడుగు గడి మాత్రం ఈ కేలండర్లో లేదు. నా ప్లానర్లో ఉంది, అందులో రోజూ "కాఫీ" అని ఉంది. ఆ కాఫీ ఎవరు కలిపారో ఎక్కడా రాసి లేదు.

అందుచేత కిందటి పేరాల్లో ఇచ్చిన సలహా సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కసారికి ఒక్క పని అన్నది గొప్ప పద్ధతే. మిగతా తొమ్మిదింటినీ ఇంకెవరో మోస్తున్నంతకాలం అది ఇంకా గొప్పగా ఉంటుంది. నేను కుదురైన మనిషినని పేరు తెచ్చుకునే ముందు, నా కుదురు ఎవరి బుర్రలో దాచి ఉందో చూసుకోవలసింది.

శుక్రవారం ఆవాలు తెచ్చాను, పావుకిలో. ఇప్పుడు చీటీ రాసే పద్ధతి మారింది. ఆవిడ చెప్తుంది, నా చేత్తో నేను రాస్తాను. మోసుకొచ్చేవాడే రాసుకోవాలి. అది చిన్నమాటే గాని ఇల్లు నిలబడుతుంది. అదే రోజు నా మేకు పక్కన రెండో మేకు కొట్టాను.

"ఇదేటి?" అంది.

"నీకు. తువ్వాలు తగిలిస్తే నిన్నెవరూ పిలవరు."

"అప్పుడు పొయ్యెవరు చూస్తారు?"

"నేను."

"బాగుంది. చూద్దాం."

శనివారం పొద్దున్న నిజంగానే చెయ్యి తుడుచుకునే గుడ్డ మేకు మీద వేసి, పేపరు పట్టుకుని వీధరుగు మీద కూర్చుంది. ఈ కాలమ్ వచ్చే పేజీ తిప్పేసి సినిమా పేజీ తీసింది. నేను వంటింట్లో నిలబడ్డాను. ఇరవై నిమిషాలు. కుక్కరు ఒక విజిల్ వేసింది. పాలాయన గుమ్మంలోంచి "ఇవాళెన్నండీ" అన్నాడు. మోటారు ఆపాలని గుర్తొచ్చి పెరట్లోకి వెళ్ళాను. ఫోను మోగింది. కుక్కరు మళ్ళీ అరిచింది, అది రెండోదో నాలుగోదో. మూడుసార్లు ఆవిడని పిలవబోయి గుమ్మందాకా వెళ్ళి, గుడ్డ చూసి వెనక్కి వచ్చాను. పప్పు పేస్టయింది. దాన్ని వంచుతుంటే మాత్రం తెలిసింది, మా నాన్న రింగు పట్టుకుని కదలకుండా నిలబడింది ఒక్క బండికి.

పాలకి గీత పెట్టడం మర్చిపోయానని సాయంత్రం గుర్తొచ్చి కేలండరు దగ్గరికి పరిగెత్తాను. శనివారం గడిలో గీత ఉంది. ఆవిడదే.